అలుగు ఎత్తు వరద రోజున తేల్చేది కాదు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద నుంచి ఏడాది పొడుగునా ఆకాశాన్ని గమనించేవారికి ఒక తేడా కనిపిస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం ఇక్కడికి పడమరన, నేరుగా లెక్కిస్తే ఇరవై కిలోమీటర్లకు కాస్త పైన ఉంది. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా సాగుతాయి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురెళ్లే లేస్తుంది, ఎదురెళ్లే దిగుతుంది. అందుకే పడమటి గాలి వీచే వానాకాలంలో ఇబ్రహీంపట్నం వైపు నుంచి దిగే విమానాలు ఎక్కువ, తూర్పు గాలి తిరిగే చలికాలంలో ఇటుగా లేచి వచ్చేవి ఎక్కువ. కింద నుంచి చూసే మనకు అది గాలి మార్పు. పైలట్‌కు మాత్రం అది ఒక పెద్ద ప్రశ్నలో భాగం: ఇప్పుడు బయలుదేరవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి గత తొంభై ఏళ్లలో ఎంతో మారింది. ఆ మార్పుకు ఒక దిశ ఉంది. మొదట్లో టేకాఫ్ నిర్ణయం ఒక్క మనిషి కంటికీ, ధైర్యానికీ, ఆ నిమిషానికీ వదిలేసిన పని. ఇప్పుడది చాలావరకు ముందే, తాపీగా, కాగితం మీద, పలువురు కలిసి తేల్చే పని. విమాన ప్రయాణం ఇంత భద్రంగా మారడానికి మంచి ఇంజన్లు ఎంత కారణమో, నిర్ణయం ఇలా చోటు మారడమూ అంతే కారణమని నా వాదన.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఆ పెద్ద చెరువే మంచి పాఠం. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. ఈ ఊరి పేరూ, చెరువూ ఆయన కాలానివే. చెరువు నీటి విషయంలో రెండు రకాల నిర్ణయాలుంటాయి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత వదలాలి అన్నది నీరటి చూసుకుంటాడు. పైరు చూసి, నేల చూసి, వాన జాడ చూసి తేలుస్తాడు. అది అనుభవం చేసే పని. అలుగు సంగతి అలా కాదు. నీరు ఏ మట్టానికి చేరితే బయటికి పొర్లిపోవాలో చెరువు కట్టినవారు రాతితోనే తేల్చేశారు. అర్ధరాత్రి కుండపోత కురుస్తుంటే, ఇంకో జానెడు నీరు ఆపుకుంటే యాసంగికి పనికొస్తుందని ఆశపడే వీలు ఎవరికీ లేదు. ఆశలోనూ భయంలోనూ మనిషి లెక్క తప్పుతుందని కట్టినవారికి తెలుసు. ఒక్క రాత్రి లెక్క తప్పితే కట్ట తెగుతుంది, కింది ఊళ్లు కొట్టుకుపోతాయి. టేకాఫ్ నిర్ణయం చరిత్ర కూడా ఇలాంటిదే. ఏది తూము పని, ఏది అలుగు పని అని వేరుచేసుకుంటూ, అనుభవానికి వదలకూడని వాటికి ఒక్కొక్కటిగా అలుగు కట్టుకుంటూ వచ్చిన చరిత్ర అది.

హైదరాబాదులో ఎగిరే పని 1930లలో బేగంపేటలో నిలదొక్కుకుంది. బాబర్ మీర్జా, పింగిలి మధుసూదన్‌రెడ్డి వంటి ఔత్సాహికులు అక్కడ ఏరో క్లబ్బు నడిపారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అదే మైదానంలో సైన్యానికి పైలట్లను తయారుచేసే ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. శిష్యులు నేర్చుకున్నది టైగర్ మాత్ విమానం మీద. దానికి ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, పైకప్పు లేని సీట్లు. ఇంజన్ అందుకోవాలంటే ముందున్న పంకాను ఒకరు చేత్తో తిప్పాలి. బయలుదేరవచ్చా లేదా అన్నది తేల్చడానికి కన్నూ చెవే ఆధారం. కర్రకు కట్టిన గాలిసంచి ఎటు తిరిగింది, ఎంత నిగడదన్నింది, మబ్బు ఏ దిక్కున ముసిరింది, ఇంజన్ చప్పుడులో తేడా ఉందా అని చూసుకునేవారు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. మృగశిర కార్తెలో మబ్బును చూసి విత్తు వేయాలా ఆగాలా అని తేల్చే రైతు చూపు ఎంత నిశితమో ఆ పైలట్ల చూపూ అంత నిశితం. లోపం చూపులో లేదు, కుర్చీలో ఉంది. ఎగరాలని కోరుకునేవాడూ, ఎగరవచ్చో లేదో తీర్పు చెప్పేవాడూ ఒకే మనిషి. విమానంలో అతనితో పాటు మహా అయితే మరొకరు. అందువల్ల ఆ లోపానికి చెల్లించే మూల్యం కూడా అప్పటికి చిన్నదిగానే ఉండేది.

యుద్ధం ముగిశాక ఆ మూల్యం పెరిగింది. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీ ఏర్పడింది. అందులో పెద్ద వాటా నిజాం స్టేట్ రైల్వేది, మిగిలింది టాటాలది. 1946లో డకోటా విమానాలతో సర్వీసులు మొదలయ్యాయి. దేశంలో వాణిజ్య విమానాల పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళగా పేరున్న ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఈ కంపెనీయే. దీన్ని నడిపింది రైల్వే అన్న మాట మన ప్రశ్నకు ముఖ్యమైనది. రైలు కదలాలా వద్దా అన్నది డ్రైవరు ఒక్కడే తేల్చడు. సిగ్నల్ పడాలి, గార్డు పచ్చజెండా ఊపాలి. టైంటేబుల్ ఎంత ఒత్తిడి చేసినా ఎర్రజెండా ముందు ఆగాల్సిందే. విమానానికి టైంటేబుల్ వచ్చింది కానీ, ఆ స్థాయి ఎర్రజెండా ఇంకా రాలేదు. టపా సంచులు, టికెట్ కొన్న ప్రయాణికులు, అచ్చయిన వేళలు ఒకవైపు, కెప్టెన్ ఒక్కడి అంచనా మరోవైపు. 1949లో మొదలైన రాత్రి టపా సర్వీసులో ఈ ఒత్తిడి స్పష్టంగా కనిపిస్తుంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రికి నాగపూర్ చేరి, సంచులు మార్చుకుని, తెల్లవారేలోగా తిరిగి వెళ్లాలి. ఒకటి ఆగితే నాలుగు నగరాల ఉత్తరాలు ఆగుతాయి.

1953 ఆగస్టులో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా దేశీయ విమాన కంపెనీలను ప్రభుత్వం జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపింది. ఐదు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 12న, నాగపూర్ నుంచి మద్రాసుకు లేచిన డకోటాలో టేకాఫ్ కాగానే ఒక ఇంజన్ ఆగిపోయింది. విమానం కూలి 13 మంది చనిపోయారు, కెప్టెన్ ఒక్కడే బతికాడు. నేల విడిచిన తొలి క్షణాల్లో ఇంజన్ పోతే ఏం చేయాలి? వేగం చాలదు, ఎత్తు చాలదు, ఆలోచించే వ్యవధి అసలే చాలదు. అనుభవం ఎంతున్నా అక్కరకు రాని చోటు ఇది. ఇలాంటి ప్రశ్నకు జవాబు అప్పటికప్పుడు పుట్టించలేం కాబట్టి, ముందే రాసి పెట్టుకోవాలన్న ఎరుక ఆ కాలంలోనే ప్రపంచమంతటా బలపడింది. దాని తొలి మెట్టు అంతకు చాలా ముందే పడింది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త బాంబర్ లేవగానే కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు తోక భాగాలు గాలికి కదలకుండా వేసే తాళాన్ని తీయడం దాన్ని నడిపిన నిపుణులు మరిచారు. ఎంత ఆరితేరినవారైనా మరుస్తారని ఒప్పుకుని, ఒక్కో అంశాన్నీ చదివి సరిచూసుకునే చెక్‌లిస్టును అప్పుడు తెచ్చారు. పైలట్ వృత్తిలో తొలి అలుగు అదే అనవచ్చు.

రెండో అలుగు వేగానిది. నేటి ప్రయాణికుల విమానానికి ప్రతి టేకాఫ్‌కూ ముందే మూడు వేగాలు లెక్క కడతారు. అందులో మొదటిది నిర్ణయ వేగం, పైలట్ల భాషలో వీ-వన్. రన్‌వే మీద ఆ వేగం చేరేలోపు ఇంజన్ పోతే బ్రేకు వేసి ఆగాలి, మిగిలిన రన్‌వే అందుకు సరిపోతుంది. ఆ వేగం దాటాక పోతే ఆగకూడదు. మిగిలిన ఇంజన్‌తోనే లేవాలి, అందుకు తగిన బలం ఉండేలా బరువును ముందే కట్టడి చేసి ఉంటారు. అంటే ఆగాలా వెళ్లాలా అన్న ప్రశ్న రన్‌వే మీద పుట్టదు, జవాబు విమానం కదలకముందే సిద్ధంగా ఉంటుంది. ఈ అంకె కూడా ఒక్కసారిగా పక్వానికి రాలేదు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో ఒక విమానం మూడో ప్రయత్నంలో నిర్ణయ వేగమైన 117 నాట్లు అందుకుంది. కానీ రన్‌వే చివర పేరుకున్న బురదమంచు చక్రాలను పట్టేసి, వేగాన్ని 105కు లాగేసింది. 23 మంది చనిపోయారు. రెక్కల మీది మంచును తొలగించలేదని కెప్టెన్‌పై మోపిన నింద తొలగడానికి దాదాపు పదకొండేళ్లు పట్టింది. అప్పటినుంచి రన్‌వే తడిగా ఉందా, పొడిగా ఉందా, బురదగా ఉందా అన్నది కూడా లెక్కలో చేరింది. ఈ వృత్తిలో నియమాలు ఊహలోంచి పుట్టినవి తక్కువ, శవపేటికల పక్కన రాసుకున్నవే ఎక్కువ.

మన నేల మీద అన్నిటికన్నా కఠినమైన లెక్క ఎండది. శంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి రమారమి 617 మీటర్ల ఎత్తున, అంటే రెండు వేల అడుగులకు కాస్త పైన ఉంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కు బలం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి పలచదనాన్ని లెక్కకడితే, విమానం దాదాపు 5,500 అడుగుల ఎత్తు నుంచి లేస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు, రెండూ ఇంచుమించు సమానం. అంటే మన కంటికి చదునుగా కనిపించే రంగారెడ్డి జిల్లా నేల మీద, వేసవి మిట్టమధ్యాహ్నం విమానం అర్మకొండ శిఖరం మీది నుంచి లేస్తోంది. ఈ మాట ఏ కంటికీ కనబడదు, ఏ చెవికీ వినబడదు. థర్మామీటరూ, పట్టికలూ చూస్తేనే తెలుస్తుంది. శంషాబాద్‌లో 4,260 మీటర్ల పొడవైన రన్‌వే ఉండటం వల్ల ఇక్కడ ఆ భారం చాలావరకు తీరుతోంది. అన్ని ఊళ్లకూ ఆ సౌకర్యం లేదు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాదులో, 1993 ఏప్రిల్ 26 మధ్యాహ్నం, 118 మందితో బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఆలస్యంగా లేచి, రన్‌వే అవతలి రోడ్డు మీద పత్తి బేళ్లతో వెళ్తున్న లారీని ఢీకొట్టింది. 55 మంది చనిపోయారు. ముక్కు పైకెత్తడంలో పైలట్ల ఆలస్యాన్నీ, విమానం లేచే వేళ రోడ్డు మీద వాహనాలను ఆపించకపోవడాన్నీ విచారణ తప్పుపట్టింది. రెండో కారణం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. టేకాఫ్ భద్రమా కాదా అన్నది కాక్‌పిట్‌లోనే ముగిసే ప్రశ్న కాదు, లారీని ఆపాల్సిన వారూ ఆ నిర్ణయంలో భాగస్వాములే.

మూడో అలుగు అన్నిటికన్నా ఆలస్యంగా కట్టుకున్నది, మనుషుల మధ్య కట్టుకున్నది. 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో దట్టమైన పొగమంచులో ఒక కెప్టెన్ అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టాడు. ఎదుటి విమానం రన్‌వే విడిచిందా అని అతని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ దాన్ని తోసేశాడు. రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు పట్టిన విమానం పరుగెడుతుండగా, మీటర్లు సరిగా లేవని కోపైలట్ పదేపదే అన్నాడు, కెప్టెన్ ఆపలేదు. 78 మంది చనిపోయారు. రెండుచోట్లా తెలిసినవాడు పక్కనే ఉన్నాడు. అతని గొంతు చిన్నది, అంతే. పెద్దవాడి మాటకు అడ్డు చెప్పకూడదన్న మర్యాదలో పెరిగిన మన సమాజానికి ఈ పాఠం మరింత అవసరం. 1970ల చివరి నుంచి పైలట్ల శిక్షణలో కిందివాడు స్పష్టంగా అభ్యంతరం చెప్పడం, పైవాడు దాన్ని విని ఆగడం నేర్పించాల్సిన నైపుణ్యంగా చేరింది. ఇవాళ విమానం కదలాలంటే మెకానిక్ సంతకం, వాతావరణ నివేదిక, లోడ్ షీట్, సిబ్బంది డ్యూటీ వేళల లెక్క, ఏటీసీ అనుమతి, ఇద్దరు పైలట్ల ఒప్పుదల అన్నీ కలవాలి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా విమానం ఆగుతుంది. ‘వద్దు’ అనే హక్కు పలువురికి ఉంది, ‘వెళ్దాం’ అనే హక్కు ఏ ఒక్కరికీ ఒంటరిగా లేదు. చరిత్ర ఇచ్చిన ఫలితాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే అదే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నిర్ణయాన్ని అంకెలకు అప్పగిస్తే పైలట్ గుమాస్తా అవుతాడనీ, అంకె తప్పితే పట్టుకునే నేర్పు కరువవుతుందనీ అంటారు. 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 362.9 టన్నుల విమానానికి 262.9 టన్నులని పొరపాటున నమోదు చేశారు. కంప్యూటర్ ఆ తేలిక బరువుకు తగ్గ బలాన్నే సూచించింది. తోక నేలకు రాసుకుంటూ, రన్‌వే దాటి, విమానం ఎలాగో లేచింది. 275 మంది బతికి బయటపడ్డారు. చివరి క్షణంలో ఇంజన్లకు పూర్తి బలమిచ్చి కాపాడింది కెప్టెన్ చెయ్యే. అభ్యంతరంలో నిజం ఉందని ఒప్పుకోవాలి. అయితే అది అలుగును కూల్చమని చెప్పదు, అలుగు ఎత్తును ఇద్దరు కొలవాలని చెబుతుంది. అందుకే ఇద్దరు పైలట్లు విడివిడిగా లెక్క కట్టి సరిపోల్చుకునే పద్ధతికి పట్టు పెరిగింది. అలుగు ఉన్నంత మాత్రాన నీరటి అక్కర తీరదు. వరద భయం తీరినవాడే తూము సంగతి నిమ్మళంగా చూసుకోగలడు. ముందే తేల్చదగినవి తేల్చేస్తే, తేల్చలేని వాటి మీద పెట్టడానికి పైలట్ బుద్ధికి తీరిక దొరుకుతుంది.

రెండో అభ్యంతరం మన గుండెలకు దగ్గరిది. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా ఐదుగురూ చనిపోయారు. అది టేకాఫ్ ప్రమాదం కాదు. గంటకు దగ్గరగా ఎగిరాక, మేఘాల నుంచి కిందికి తోసే తీవ్రమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణ తేల్చింది. అంతకుముందు కొన్ని విలువైన నిమిషాలు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీద, పుస్తకంలో దాని వివరం వెతకడం మీద గడిచాయని కూడా చెప్పింది. అలాంటప్పుడు బయలుదేరేముందు ఎంత లెక్క కడితే ఏం లాభమని అడగవచ్చు. నా జవాబు ఇది: బయలుదేరే నిర్ణయంలో వెనక్కి తిరిగే నిర్ణయం కూడా ఇమిడి ఉండాలి. దారిలో మబ్బు ఎంత కమ్మితే తిరగాలి, ఎక్కడ దిగాలి, ఏ దీపం వెలిగితే ఏం చేయాలి అన్నవి నేల మీదే తేలాలి. ప్రయాణించేవారు ఎంత పెద్దవారైతే వెనక్కి తిరగడం పైలట్‌కు అంత కష్టం. కాబట్టి ఆ గీత ముందే గీసి ఉండటం పెద్దవారి విషయంలోనే మరింత అవసరం. నల్లమల ఘటన నా వాదనను కాదనడం లేదు. అలుగు ఇంకా ఎంతదూరం కట్టాలో చూపిస్తోంది.

అదే వాతావరణంలో నిన్న ఎన్నో విమానాలు క్షేమంగా వెళ్లాయి కదా, మనమే ఎందుకు ఆగాలన్నది మూడో అభ్యంతరం. రెండో ప్రపంచ యుద్ధంలో గణాంక శాస్త్రవేత్త ఏబ్రహం వాల్డ్ దీనికి సమాధానం ఆలోచించాడు. తిరిగొచ్చిన బాంబర్ల మీది తూటా గాయాలనే చూసి లెక్క వేస్తే మోసపోతామనీ, తిరిగి రానివాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ అతని పద్ధతి సారాంశం. ఆ వాల్డ్ 1950 డిసెంబరు 13న నీలగిరుల్లో కొండను ఢీకొన్న ఎయిర్ ఇండియా డకోటాలో చనిపోయాడు. నిన్నటి క్షేమం నేటికి హామీ కాదు. ఏళ్ల తరబడి పొర్లని చెరువు అలుగును ఎత్తు పెంచేద్దామని ఎవరైనా అంటే, ఊరు ఏం జవాబిస్తుందో ఇక్కడా అదే జవాబు.

మన పెద్దలకు ప్రయాణం విషయంలో ఒక ఆచారం ఉండేది. శకునం బాగాలేదనిపిస్తే గడప దాటినవారు కూడా వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరేవారు. పిల్లి ఎదురైనందువల్ల ప్రమాదం రాదు, ఆ నమ్మకానికి ఆధారం లేదు. కానీ ఆ ఆచారంలో ఒక విలువైన అంశముంది: వెనక్కి వచ్చినవాణ్ణి పిరికివాడని ఎవరూ వెక్కిరించలేదు. విమానాశ్రయంలో ఆలస్యం ప్రకటించగానే గొంతు పెంచే మనం ఆ మర్యాదను కోల్పోతున్నాం. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో ఇవాళ అపాచీ హెలికాప్టర్ల శరీరాలు, సీ-130 రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఈ ప్రాంతపు యువతీయువకులు వాటికి రివెట్లు బిగిస్తున్నారు, కొలతలు సరిచూస్తున్నారు. కొలత తేడా వస్తే ఆపమని చెప్పడం వారి పనిలో భాగం. విమానం ఎక్కేవారికీ ఆ పనిలో వాటా ఉంది. ఇకమీద మీ విమానం గంట ఆలస్యమైనప్పుడు, ఎవరో ఒకరు ‘వద్దు’ అనగలిగారనీ, ఆ మాటను మిగిలినవారు విన్నారనీ గుర్తుంచుకోండి. ఆ ఒక్క మాట చెప్పగలగడానికి ఈ వృత్తి తొంభై ఏళ్లు నేర్చుకుంది. దాన్ని గౌరవించి ఓపిక పట్టండి.